మైసూరు యోగశాల: పాఠానికీ సాధనకూ నడుమ

పతంజలి పేర వెలసిన యోగసూత్రాల సంఖ్య రెండు వందలకు లోబడినది. వాటిలో ఆసనాన్ని గురించి చెప్పినవి మూడు మాత్రమే. యమ నియమాలకూ, ధారణా ధ్యాన సమాధులకూ సూత్రకారుడు కేటాయించిన చోటుతో పోల్చి చూస్తే ఇది అత్యల్పం. అయినా ఈనాడు దేశ విదేశాలలో అష్టాంగ యోగం అనగానే చాలామందికి స్ఫురించేది ఎనిమిది అంగాలు గల దర్శనం కాదు. శ్వాసతో ముడివేసి, ఒక నిర్ణీత క్రమంలో, ఒకదాని వెంట ఒకటిగా చేసే ఆసనాల సాధనకే ఆ పేరు స్థిరపడిపోయింది. ఈ అర్థపరిణామం ఎక్కడ, ఏ పరిస్థితులలో జరిగిందో తెలుసుకోవాలంటే ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధంలోని మైసూరు నగరాన్ని పరిశీలించాలి. ఆనాడు ఆ నగరంలో రాజాదరణతో నడుస్తున్న రెండు సంస్థలు దీనికి మూలం. ఒకటి మహారాజా సంస్కృత పాఠశాల, రెండవది జగన్మోహన ప్యాలెస్‌లోని యోగశాల.

యోగాన్ని పదిమందిలో కూర్చొని విచారించడం మన వాఙ్మయానికి కొత్త కాదు. మార్కండేయ పురాణంలో శత్రువులు చుట్టుముట్టగా దిక్కుతోచని అలర్కుడు దత్తాత్రేయుని ఆశ్రయించి యోగాన్ని గురించి అడుగుతాడు. కాకతీయ ప్రతాపరుద్రుని కాలంలో మారన ఈ పురాణాన్ని తెనిగించినాడు. భాగవతం తృతీయ స్కంధంలో దేవహూతి కుమారుడైన కపిలుని ప్రశ్నించి అష్టాంగ యోగాన్ని తెలుసుకొంటుంది. పోతన కృతి ద్వారా ఆ ఘట్టం తెలుగు ఇళ్ళలోకి వచ్చింది. ఈ రెండు చోట్లా సంశయం ముందు వస్తుంది, సాధనాక్రమం వెనుక వస్తుంది. తల్లి కుమారుని అడగడానికి సంకోచించలేదన్నది కూడా గమనించదగినది. అడిగి తెలుసుకొనే ఈ పద్ధతి సంస్కృత పాఠశాలలలో భాష్యపాఠంగా కుదురుకొన్నది. సూత్రం, దానిపై వ్యాసభాష్యం, ఆపైన వాచస్పతి మిశ్రుని తత్త్వవైశారది, ఇట్లా పంక్తి పంక్తికీ ఆక్షేపాలూ సమాధానాలూ విన్న తరువాతనే విద్యార్థికి శాస్త్రం పట్టుబడేది.

మైసూరు ఇటువంటి విద్యలకు పుట్టినిల్లుగా పేరు పొందింది. 1891లో అక్కడ ప్రాచ్య గ్రంథాలయం ఏర్పడింది. కౌటిల్యుని అర్థశాస్త్రపు తాళపత్ర ప్రతిని 1905లో ఆర్. శామశాస్త్రి గుర్తించినది ఆ గ్రంథాలయంలోనే. నాల్వడి కృష్ణరాజ ఒడెయరు పాలనలో 1916లో మైసూరు విశ్వవిద్యాలయం వెలసింది. ఆయన కంటే ముందు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు (1794-1868) ఆదరణలో రూపొందిన శ్రీతత్త్వనిధి అనే బృహద్గ్రంథంలో 122 ఆసనాలకు చిత్రాలున్నాయి. తాళ్ళు పట్టుకొని చేసే ఆసనాలు సైతం అందులో కనిపిస్తాయి. కాబట్టి రాజప్రాసాదానికి ఆసనాలతో పరిచయం ఇరవయ్యవ శతాబ్దికి పూర్వమే ఉన్నది.

తిరుమలై కృష్ణమాచార్య ఈ నేపథ్యంలో మైసూరుకు వచ్చారు. చిత్రదుర్గ ప్రాంతంలోని ముచుకుందపురంలో 1888లో జన్మించిన ఆయన మైసూరులోని పరకాల మఠంలోనూ, కాశీలోనూ చదివి దర్శనాలలో పాండిత్యం సంపాదించారు. కైలాస మానస సరోవర ప్రాంతంలో రామమోహన బ్రహ్మచారి అనే గురువు వద్ద ఏడేళ్ళకు పైగా యోగం అభ్యసించినట్లు ఆయనే చెప్పుకొన్నారు. అంత శాస్త్రం చదివిన వ్యక్తి శారీరక సాధన నేర్పడానికి పూనుకోవడం ఆనాటి పండిత లోకంలో గౌరవప్రదమైన వృత్తిగా ఎంచబడేది కాదు. హఠయోగాన్ని దేశదిమ్మరి సన్న్యాసుల విద్యగానూ, సంతలో ప్రదర్శించే వింతగానూ చూచిన కాలం అది. మహారాజు ఆదరణ ఈ చిన్నచూపును చాలావరకు తొలగించింది. 1930ల ఆరంభంలో సంస్కృత పాఠశాలలో బోధించిన కృష్ణమాచార్యకు 1933లో జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల ఏర్పాటు చేయబడింది. మరుసటి ఏడు ఆయన కన్నడంలో రచించిన యోగమకరంద ప్రభుత్వ ఆదరణతోనే అచ్చయింది.

యోగశాలకు వచ్చినవారిలో రాజబంధువులైన అరసు కుటుంబాల బాలురు ప్రధానులు. ఉరకలు వేసే వయసు పిల్లలను ఒకచోట కుదురుగా కూర్చోబెట్టి ప్రాణాయామం నేర్పడం కంటె, ఒక భంగిమ నుండి మరొక భంగిమలోకి శ్వాసతో పాటు కదిలించడం సులభమని గురువు గ్రహించి ఉంటారు. పైగా మహారాజు అతిథుల ఎదుట ప్రదర్శనలు, ఊరూరా ప్రచార పర్యటనలు ఉండేవి. సాధనకు వేగమూ, చూడముచ్చటైన వరుసా అబ్బడానికి ఇవి కొంత కారణం కావచ్చు. 1934లో మైసూరు చేరిన కృష్ణమాచార్య బావమరది బి.కె.ఎస్. అయ్యంగార్ ఈ ప్రదర్శనలలో పాల్గొన్నవారే. గురువు వద్ద తనకు ఆసనాలు లభించాయి గాని శాస్త్రపాఠం లభించలేదని ఆయన తరువాతి కాలంలో చెప్పుకొన్నారు. పాఠశాలకూ యోగశాలకూ మధ్య దూరం మైళ్ళలో కొద్దిపాటిదే. బోధించిన వ్యక్తి ఇద్దరు కూడా కాదు, ఒక్కరే. అయినా పాఠశాలలో కూర్చున్నవానికి దొరికినది యోగశాలలో నిలబడ్డవానికి దొరకలేదు.

ఈ ఆసనక్రమం ఎంత ప్రాచీనమన్న ప్రశ్నపై విద్వాంసులలో వాదవివాదాలు జరిగాయి. వామన ఋషి ప్రణీతమైన యోగ కొరుంట అనే గ్రంథం దీనికి ఆధారమని సంప్రదాయం చెబుతుంది. ఆ ప్రతి ఏ పరిశోధకునికీ లభించలేదు. 1996లో నార్మన్ స్యోమన్ మైసూరు ప్యాలెస్ యోగ సంప్రదాయంపై ప్రకటించిన గ్రంథంలో శ్రీతత్త్వనిధినీ, దేశీయ వ్యాయామ పద్ధతులనూ చూపి, మైసూరు పద్ధతి వీటి కలయిక అని సూచించారు. 2010లో మార్క్ సింగిల్టన్ ఐరోపా వ్యాయామ విద్య ప్రభావాన్ని కూడా చేర్చారు. దీనితో అష్టాంగ సాధన అంతా నిన్న మొన్నటి కల్పన అన్న అభిప్రాయం కొందరిలో ప్రబలింది. అది తొందరపాటు నిర్ణయం. హఠాభ్యాసపద్ధతి అనే పద్దెనిమిదవ శతాబ్ది గ్రంథంపై జేసన్ బిర్చ్, సింగిల్టన్ కలిసి 2019లో వెలువరించిన అధ్యయనం 112 ఆసనాలు గల ఒక చలనశీల సాధనను వెలుగులోకి తెచ్చింది. శ్రీతత్త్వనిధిలోని ఆసనాలకు అది ఒక ముఖ్యమైన ఆకరమని వారు నిరూపించారు. పదిహేనవ శతాబ్ది నాటి హఠయోగ ప్రదీపికలో వివరింపబడిన ఆసనాలు పదిహేను. పదిహేడవ శతాబ్ది హఠరత్నావళిలో శ్రీనివాస యోగి ఎనభై నాలుగింటికీ పేర్లు చెప్పినాడు. ఈ శ్రీనివాసుడు ఆంధ్ర దేశీయుడని పరిశోధకులు భావిస్తారు; ఆయన గ్రంథం 1982లో గోదావరి సీమలోని అర్థమూరు నుండి వెంకటరెడ్డి సంపాదకత్వంలో వెలువడడం తెలుగువారు గుర్తుంచుకోదగిన విషయం. ఆసనాల సంఖ్య శతాబ్దాల వెంబడి పెరుగుతూ వచ్చిన తీరు చూస్తే మైసూరులో జరిగినది ఆ పెరుగుదలలో ఒక ఘట్టమే గాని, శూన్యం నుండి సృష్టి కాదు.

పాఠశాలనూ యోగశాలనూ తనలో కలుపుకొన్నవారు కె. పట్టాభి జోయిస్. హాసన్ సమీపంలోని కౌశిక గ్రామంలో 1915లో పుట్టిన ఆయన పన్నెండేళ్ళ ప్రాయంలో, 1927లో, హాసన్‌లో కృష్ణమాచార్య ప్రదర్శన చూచి శిష్యుడైనారు. 1930లో సంస్కృతం చదువుకోవడానికి మైసూరు చేరి, గురువును అక్కడ తిరిగి కలుసుకొన్నారు. 1937 నుండి 1973 వరకు సంస్కృత పాఠశాలలో యోగాధ్యాపకులుగా పనిచేశారు. ఆయన శిక్షణా క్రమంలో పాఠశాల ముద్ర ఎంత బలంగా ఉన్నదో తెలుసుకోవడానికి ఒక చిన్న ఆచారం చాలు. అమావాస్యనాడూ, పూర్ణిమనాడూ సాధన చేయరాదన్నది అష్టాంగ సంప్రదాయంలో కచ్చితమైన నియమం. దీనికి చంద్రుని ఆకర్షణ, శరీరంలోని జలాంశం అంటూ విదేశాలలో అనేక వ్యాఖ్యానాలు పుట్టాయి. సంస్కృత పాఠశాలలలో ఆ తిథులు అనధ్యాయాలని, అంటే చదువుకు సెలవు దినాలని, మన పల్లెటూరి పురోహితుడు కూడా చెప్పగలడు.

జోయిస్ పద్ధతిలో ప్రతి కదలికకూ ఒక శ్వాస, ప్రతి ఆసనానికీ ఒక దృష్టిస్థానం ఉంటాయి. మొదటి సూర్యనమస్కారంలో తొమ్మిది విన్యాసాలు, రెండవ దానిలో పదిహేడు. లెక్క సంస్కృతంలోనే నడుస్తుంది. ప్రథమ శ్రేణికి యోగ చికిత్స అనీ, ద్వితీయ శ్రేణికి నాడీ శోధన అనీ పేర్లు. ఒక ఆసనం కుదిరిన తరువాతనే గురువు మరొకటి చెబుతారు. గదిలో అందరూ కలిసే సాధన చేస్తారు, కాని ఎవరి వరుస వారిది. గురువు వారి మధ్య తిరుగుతూ ఒక్కొక్కరినీ సరిదిద్దుతారు. మైసూరు పద్ధతి అని లోకమంతా పిలిచే ఈ ఏర్పాటులో వీధిబడి పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. ఒకడు బాలశిక్ష చదువుతుంటే పక్కవాడు అమరం వల్లెవేసేవాడు, అయ్యవారు ఇద్దరినీ కనిపెట్టేవారు. నూతన సాధకుడు పాతవారిని చూచి నేర్చుకొనేది గురువు చెప్పినదానికి తక్కువేమీ కాదు.

నాల్వడి కృష్ణరాజ ఒడెయరు 1940లో కాలధర్మం చెందారు. సంస్థానం భారత దేశంలో విలీనమైన అనంతరం, కె.సి. రెడ్డి ప్రభుత్వ కాలంలో, 1950లో యోగశాల మూతపడింది. కరవు కాటకాలు, ఆహార కొరత, సంస్థానం నుండి ప్రజాప్రభుత్వానికి జరిగిన మార్పు మొదలైనవి తలమునకలుగా ఉన్న ఆనాటి పాలకులకు, రాజభవనంలోని ఒక వ్యాయామ కేంద్రం వృథా వ్యయంగా తోచడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఒక విద్య పూర్తిగా ఒక ప్రభువు అభిరుచిపై ఆధారపడినప్పుడు ఆయన వెంటనే దాని ఆయువూ క్షీణిస్తుందనడానికి ఇది తగిన నిదర్శనం. కృష్ణమాచార్య 1950లలో మద్రాసు చేరి, 1989లో నూరేళ్ళు నిండిన తరువాత అక్కడే మరణించారు. ఆయన కుమారుడు దేశికాచార్ 1976లో నెలకొల్పిన కృష్ణమాచార్య యోగ మందిరం రోగి అవసరాన్ని బట్టి సాధనను మార్చే మరొక మార్గం పట్టింది. మైసూరులో మిగిలినది సంస్కృత పాఠశాలలోని ఉద్యోగమూ, 1948లో జోయిస్ లక్ష్మీపురంలోని తన ఇంట ప్రారంభించిన అష్టాంగ యోగ పరిశోధన సంస్థా మాత్రమే. రాజభవనం మూసిన తలుపును నెలజీతపు అధ్యాపకుడు తన ఇంట తెరిచాడన్నమాట.

ఆ ఇంటిలోని గదిలో ఒకేసారి సాధన చేయగలిగినవారు పన్నెండు మంది. మిగిలినవారు మెట్లపై కూర్చొని తమ వంతు కోసం వేచి ఉండేవారు. 1964లో బెల్జియం దేశీయుడైన ఆంద్రే వాన్ లిస్‌బెత్ వచ్చారు. 1970ల ఆరంభంలో అమెరికన్లు రావడం మొదలైంది. 1975లో జోయిస్ స్వయంగా కాలిఫోర్నియాలోని ఎన్సినిటాస్‌కు వెళ్ళారు. 1962లో కన్నడంలో వెలువడిన ఆయన యోగమాల ఆసనాలకు ముందు యమ నియమాలను వివరిస్తుంది. ఆ గ్రంథం ఆంగ్లంలోకి రావడానికి 1999 వరకు ఆగవలసి వచ్చింది. ఆ మధ్యకాలంలో విదేశాలకు చేరినది ఆసనాల వరుస. ముందున్న అధ్యాయాలు చేరలేదు. తొంబైతొమ్మిది పాళ్ళు సాధన, ఒక పాలు సిద్ధాంతం అన్న మాట జోయిస్ పేర ప్రచారంలో ఉన్నది. దశాబ్దాల పాటు పాఠశాలలో గడిపిన పండితుని నోట ఆ ఒక పాలు చిన్నదేమీ కాదు. దర్శనమంటే ఏమిటో తెలియక వచ్చిన వానికి మాత్రం అది లెక్కలోకి రాని భాగమైపోయింది.

దీని పర్యవసానం కేవలం పాండిత్యానికి సంబంధించినది కాదు. జోయిస్ 2009లో మరణించారు. 2017 తరువాత ఆయన పూర్వ శిష్యురాండ్రు కొందరు, భంగిమలు సరిదిద్దే నెపంతో ఆయన తమను అనుచితంగా తాకారని బహిరంగంగా ప్రకటించారు. ఆయన మనుమడూ, ఉత్తరాధికారీ అయిన శరత్ జోయిస్ 2019లో ఈ విషయమై విచారం వెలిబుచ్చి, బాధితులను క్షమాపణ కోరారు. సూత్రకారుడు అహింసతో ఆరంభమయ్యే యమాలను జాతి, దేశ, కాల భేదం లేని మహావ్రతంగా ప్రకటించినాడు; గురువును అందుకు మినహాయించలేదు. భాష్యపాఠం చెప్పే సభలో గురువును ఆక్షేపించడం విద్యార్థి కర్తవ్యం. శరీరాన్ని గురువు చేతికి అప్పగించే గదిలో ఆ అవకాశం లేకుండా పోయింది. శిష్యురాండ్రు నోరు విప్పడానికి దశాబ్దాలు పట్టడానికి ఇది కూడా ఒక కారణమని భావించడం అసంగతం కాదు.

ఐక్యరాజ్య సమితి 2014 డిసెంబరు 11న జూన్ 21ని అంతర్జాతీయ యోగ దినంగా ప్రకటించింది. 2016లో యునెస్కో యోగాన్ని మానవాళి అమూర్త వారసత్వ సంపదల పట్టికలో చేర్చింది. నేడు యోగానికి ప్రభుత్వాదరణ కొరత లేదు. మైదానాలలో వేలాది ప్రజలు ఒక్క గొంతు లెక్కకు కదలడం కన్నులపండువే అయినా, ఒక్కొక్కని శ్వాసనూ కనిపెట్టే లక్ష్మీపురం గదిలోని పద్ధతికి అది పూర్తిగా భిన్నమైనది. భాష్యం చదివే విద్యార్థికి జీతమిచ్చి పోషించిన పాఠశాల వంటి ఏర్పాటు ఈ ఆదరణలో ఎంత భాగం పొందగలదో పాలకులు ఆలోచించాలి.

జోయిస్ కుటుంబపు యోగశాల 2002లో గోకులం పేటకు తరలి విస్తరించింది. శరత్ జోయిస్ 2024 నవంబరులో అమెరికాలో ఆకస్మికంగా మరణించారు. ఈ శతాబ్దిలో మైసూరుకు వచ్చిన విదేశీ సాధకులలో పలువురు తెల్లవారుజామున ఆసనాలు ముగించుకొని, పగటివేళ స్థానిక సంస్కృత విద్వాంసుల ఇళ్ళకు వెళ్ళి యోగసూత్రాలకు సంథ చెప్పించుకొంటున్నారు. విద్వాంసుడు ఒకసారి పలుకుతారు, నేలపై కూర్చున్నవారు రెండుసార్లు పలుకుతారు. తప్పు పలికినవారి వద్ద పాఠం ఆగుతుంది, అందరూ మళ్ళీ మొదటి నుండి అందుకొంటారు.