మూడు కోట్ల బిందువులు, రెండు వేల గడులు

దుబాయ్ నగరానికి నైరుతి దిక్కున, జెబెల్ అలీ ప్రాంతంలో, సుమారు 2,300 హెక్టార్ల మేర విస్తరించిన దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ 1997లో మొదలైంది. కర్మాగారాలు, గిడ్డంగులు, కార్యాలయాలు, నివాసాలు ఒకే ఆవరణలో ఇమిడిన ఇటువంటి చోట దాదాపు ప్రతి యంత్రమూ ఏదో ఒక మీటరుకు లెక్క చెబుతూనే ఉంటుంది. ఒక శీతల గిడ్డంగిలో కంప్రెసర్ తీసుకునే విద్యుత్తును సెకనుకొకసారి నమోదు చేసే మీటరు ఉందనుకుందాం. ఏడాది తిరిగేసరికి 3,15,36,000 అంకెలు పోగవుతాయి. వాటన్నిటినీ 1,920 పిక్సెళ్ల వెడల్పు గల తెర మీద ఒకే గీతగా చూపాలంటే, ఒక్కొక్క నిలువు వరుసలో 16,425 అంకెలు ఇమడాలి. అంటే 4 గంటల 33 నిమిషాల 45 సెకన్ల వృత్తాంతమంతా ఒక పిక్సెల్ వెడల్పులోకి రావాలి.

ఇంత పెద్ద పటం గీయబోయినప్పుడు ప్లాటింగ్ లైబ్రరీ మొరాయించడం ఇంజనీర్లకు తెలిసిన అనుభవమే. మెమరీ చాలదంటుంది, హద్దు దాటిందంటుంది, లేదా మాటా పలుకూ లేకుండా ఆగిపోతుంది. దీన్ని యంత్రం అశక్తతగా భావించి, హద్దు పెంచడమెలాగో వెతకడం సహజం. అయితే అరవై ఏళ్ల కంప్యూటర్ రేఖాపటాల చరిత్రను వరుసగా చూస్తే మరో సంగతి బోధపడుతుంది. పెద్ద పటాల సమస్యకు వచ్చిన ప్రతి పరిష్కారమూ దేన్ని వదిలిపెట్టాలన్న ప్రశ్నకు ఒక జవాబు. ఆ జవాబును బట్టే, చూసేవారికి దక్కేది నిజమో భ్రమో తేలుతుంది.

కలం కాలం

కాల్‌కాంప్ సంస్థ 1959లో తెచ్చిన 565 నమూనా డ్రమ్ ప్లాటరులో కాగితం ఒక దిశలోనూ, కలం దానికి అడ్డంగానూ కదిలేవి. కదలిక అంగుళంలో నూరో వంతు అడుగులుగా సాగేది. ఏటవాలు గీత గీయాలన్నా ఆ అడుగుల మెట్ల మీదుగానే పోవాలి. 1962లో ఐబీఎం వారి శాన్ హోసే ప్రయోగశాలలో 1401 కంప్యూటరుకు ఇటువంటి ప్లాటరును జతచేసినప్పుడు, జాక్ బ్రెజెన్‌హామ్ ఒక పద్ధతి రూపొందించాడు. అసలు గీతకు ఏ మెట్టు దగ్గరగా ఉందో ప్రతి అడుగులోనూ చూసుకుంటూ, పూర్ణాంకాల కూడికలు, తీసివేతలతోనే కలాన్ని నడిపించడం దాని సారం. 1965లో ఐబీఎం సిస్టమ్స్ జర్నల్‌లో అచ్చయిన ఆ పద్ధతి తరువాత తెరలకూ సంక్రమించింది.

ఇక్కడే మొదటి రాజీ కుదిరింది. గణితంలోని సరళరేఖ కాగితం మీద మెట్ల వరుస అయింది. రెండు మెట్ల మధ్య ఏం జరిగినా అది పటంలోకి రాదు. అయితే ఆ నష్టం ఎంతో అందరికీ తెలుసు: ఒక అడుగులో సగానికి మించదు. నష్టానికి తెలిసిన హద్దు ఉన్నందువల్ల ఆ పటాన్ని ఎవరూ శంకించలేదు.

ఉజ్జాయింపు గీత

రెండో ఘట్టం భూగోళ పటాలది. సముద్రతీరాలను, నదులను బిందువుల వరుసలుగా కంప్యూటర్లలోకి ఎక్కించడం మొదలయ్యాక, చిన్న పటానికి అక్కరలేనన్ని బిందువులు పేరుకున్నాయి. 1972లో ఉర్స్ రామర్, 1973లో డేవిడ్ డగ్లస్, థామస్ ప్యూకర్ వేర్వేరుగా దాదాపు ఒకే పరిష్కారం ప్రతిపాదించారు. వక్రరేఖ రెండు కొసలనూ ఒక సరళరేఖతో కలపాలి. దానికి అన్నిటికంటే దూరంగా ఉన్న బిందువును పట్టుకోవాలి. ఆ దూరం ముందుగా నిర్ణయించిన హద్దుకు లోపలే ఉంటే మధ్య బిందువులన్నిటినీ వదిలేయవచ్చు. లేకుంటే అక్కడ రేఖను రెండుగా చీల్చి, ఒక్కొక్క ముక్కకూ మళ్లీ అదే పని చేయాలి.

డగ్లస్, ప్యూకర్ తమ వ్యాసం శీర్షికలోనే ఇలా మిగిలే గీతను క్యారికేచర్ అని కూడా పిలిచారు. కార్టూనిస్టు ముఖంలో ముక్కునో నుదుటినో పట్టుకుని మిగతావి వదిలేసినట్టు, ఈ పద్ధతి తీరరేఖలోని కొట్టొచ్చే మలుపులను ఉంచి తక్కినవి తుడిచేస్తుంది. బొమ్మ మనిషిని గుర్తుపట్టేలా ఉంటుంది గానీ, ఆ బొమ్మతో వైద్యుడు రోగనిర్ధారణ చేయలేడు. తగ్గించిన ప్రతి పటానికీ వర్తించే మాట ఇది.

మెదడు అలల నుంచి మాట్‌ప్లాట్‌లిబ్ దాకా

నేడు విస్తారంగా వాడుకలో ఉన్న మాట్‌ప్లాట్‌లిబ్ ఒక వైద్యశాస్త్ర అవసరం నుంచి పుట్టింది. షికాగోలో నాడీశాస్త్ర పరిశోధకుడైన జాన్ హంటర్, మూర్ఛరోగుల మెదడు ఉపరితలం నుంచి ఎలక్ట్రోడులు సేకరించిన విద్యుత్ సంకేతాలను పరిశీలించే బృందంలో పనిచేసేవాడు. వారు వాడే వాణిజ్య సాఫ్ట్‌వేరుకు లైసెన్సు ఒక్కటే. దాన్ని తెరిచే చిన్న తాళపు పరికరాన్ని విద్యార్థులు, పరిశోధకులు వంతులవారీగా పంచుకునేవారు. ఆ ఇరుకు నుంచి బయటపడడానికి హంటర్ పైథాన్ భాషలో సొంత పనిముట్టు రాసుకుని, 2003లో దాన్ని అందరికీ అందుబాటులో ఉంచాడు. 2012 ఆగస్టు 28న ఆయన మరణించే నాటికి అది శాస్త్రలోకమంతటా పాకింది.

మెదడు సంకేతాల్లో క్షణకాలపు కొన కూడా విలువైనదే. ఆ కొన పటంలో నిలవాలంటే గీత నాణ్యంగా ఉండాలి. మాట్‌ప్లాట్‌లిబ్ గీత గీసే పనిని మాక్సిమ్ షెమనరేవ్ రాసిన యాంటీ గ్రెయిన్ జామెట్రీ అనే లైబ్రరీకి అప్పగించింది. క్లుప్తంగా ఆగ్ అని పిలిచే ఈ లైబ్రరీ ఒక్కొక్క పిక్సెల్‌నూ అడ్డంగా, నిలువుగా 256 భాగాలుగా ఊహించి, గీత ఏ పిక్సెల్‌ను ఎంత మేరకు కప్పుతుందో లెక్కగడుతుంది. అంచులు నునుపుగా కనబడడానికి కారణమదే. ఈ లెక్కకోసం గీత తాకిన ప్రతి గడినీ గుర్తుపెట్టుకోవాలి. గడులను కట్టలు కట్టలుగా దాచుకునే ఆ ఏర్పాటుకు ఒక పరిమితి ఉంది. లక్షల బిందువుల గీత పైకీ కిందికీ ఎగిరిపడుతూ గడులన్నిటినీ తాకితే ఆ పరిమితి దాటి, ప్రోగ్రాం తప్పు చూపి ఆగిపోతుంది.

దీనికి రెండు ఉపాయాలు ఉన్నాయి. మొదటిది పొడవాటి గీతను ముక్కలుగా విడగొట్టి గీయడం. 20,000 బిందువులకొక ముక్క మంచి ఆరంభమని మాట్‌ప్లాట్‌లిబ్ సూచనలే చెబుతాయి. అతుకుల దగ్గర చిన్న లోపాలు కనబడవచ్చని కూడా హెచ్చరిస్తాయి. రెండోది వరుస గీతల్లో దాదాపు ఒకే దిశలో పోయేవాటిని కలిపేయడం. ఇక్కడ అనుమతించే తేడా మామూలుగా పిక్సెల్‌లో తొమ్మిదో వంతు. డగ్లస్, ప్యూకర్ల ఆలోచనకు ఇది దగ్గరి బంధువు. హద్దు కంటికి ఆననంత చిన్నది కాబట్టి వదిలేసినదాని గురించి బెంగ అక్కరలేదు.

పటం పరిమాణానికీ హద్దు ఉండేది. పాత రూపాల్లో పొడవు, వెడల్పులు ఒక్కొక్కటి 32,768 పిక్సెళ్లకు లోబడాలి. తరువాత అది 65,536 అయింది. 2024 చివర వచ్చిన 3.10 రూపంలో 83,88,608కి పెరిగింది. హద్దు పెరిగినంత మాత్రాన కష్టం తీరలేదు. పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 65,536 పిక్సెళ్ల చదరపు పటానికే 1,718 కోట్ల బైట్ల మెమరీ కావాలి. అంత మెమరీ సమకూర్చినా, ఆ పటాన్ని చూసే తెర వెడల్పు మళ్లీ రెండు వేల పిక్సెళ్లే.

నిశ్శబ్దంగా జరిగే పొరపాటు

ప్రోగ్రాం తప్పు చూపి ఆగిపోతే మంచిదే; లోపం ఉందని తెలుస్తుంది. ఆగకుండా తప్పు పటం గీసిపెట్టినప్పుడే అసలు ప్రమాదం. బిందువులు ఎక్కువయ్యాయని వాటిలో ఒక్కొక్కదాన్ని క్రమం తప్పకుండా ఏరుకోవడం అందరికీ ముందుగా తోచే చిట్కా. శీతల గిడ్డంగి లెక్కలో 16,425 అంకెలకు ఒకటి చొప్పున తీసుకుంటే, 3 సెకన్లపాటు విద్యుత్తు పడిపోయిన ఘటన పటంలోకి రావడానికి 5,475లో ఒక్క వంతే అవకాశం. పోనీ సగటు తీస్తే, ఆ 3 సెకన్లూ విద్యుత్తు సున్నాకు పడినా నిలువు వరుస సగటు 0.02 శాతమైనా తగ్గదు. యంత్రం ఒక్క క్షణమైనా ఆగలేదని గీత చెబుతుంది. ఆగి మళ్లీ మొదలైందని రాత్రి డ్యూటీలో ఉన్న మనిషి చెబుతాడు. సరుకు పాడైన తరువాత జరిగే సమావేశంలో ఆ ఇద్దరిలో ఎవరి మాట నెగ్గుతుందో ఊహించడం కష్టం కాదు.

ఉన్నది కనబడకపోవడంతో ఇది ఆగదు. లేనిది కనబడడం కూడా ఉంది. కంప్రెసర్ కచ్చితంగా 15 నిమిషాలకు, అంటే 900 సెకన్లకు, ఒకసారి ఆగి తిరుగుతోందనుకుందాం. 910 సెకన్లకు ఒక అంకె చొప్పున ఏరితే, ప్రతిసారీ చక్రంలో 10 సెకన్లు ముందుకు జరిగిన అంకె దొరుకుతుంది. 90 అంకెల తరువాత, అంటే 22 గంటల 45 నిమిషాలకు, తొలి స్థితి తిరిగి వస్తుంది. పటంలో రోజుకొకసారి చొప్పున లేచి పడే నిదానమైన అల కనబడుతుంది. ఎడారి పగటి వేడికి, రాత్రి చల్లదనానికి అది ముడిపెట్టదగినట్టే ఉంటుంది. నిజానికి అటువంటి అల ఏదీ లేదు. సంకేత శాస్త్రంలో ఏలియాసింగ్ అని పేరుపడ్డ ఈ మాయకు లైబ్రరీ ఏ హెచ్చరికా ఇవ్వదు.

వదలడంలో వివేకం

ఈ ప్రమాదం తెలిసినవారు వేర్వేరు దారులు వెతికారు. 1987లో డేనియల్ కార్, ఆయన సహచరులు ఒకదానిమీద ఒకటి పడి నల్లటి మచ్చగా మారే బిందువులకు బదులు, తలాన్ని షడ్భుజాలుగా విభజించి, ఒక్కొక్కదానిలో ఎన్ని బిందువులు పడ్డాయో చూపే పద్ధతిని వివరించారు. బిందువు విడిగా కనబడదు; గుంపు సాంద్రత కనబడుతుంది. కోట్ల బిందువులను ముందుగా పిక్సెళ్లవారీగా లెక్కబెట్టి, తరువాత రంగులిచ్చే డేటాషేడర్ గత దశాబ్దంలో ఇదే ఆలోచనను పెద్దయెత్తున అమలుచేసింది.

కాలక్రమ గీతల విషయంలో 2013లో ఐస్‌లాండ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో స్వెయిన్ స్టెయినార్సన్ ఒక మార్గం చూపాడు. అంకెలను బుట్టలుగా విభజించి, పొరుగు బుట్టలతో కలిసి అత్యంత విశాలమైన త్రిభుజాన్ని ఏర్పరిచే బిందువును ఒక్కొక్క బుట్ట నుంచి ఎన్నుకోవడం అది. గీత రూపం కంటికి చక్కగా నిలుస్తుంది. అయినా బుట్టకు ఒక్క బిందువే కాబట్టి కొన్ని కొనలు జారిపోవచ్చు. మరుసటి ఏడు ఊవే యూగెల్, ఆయన సహరచయితలు ఎం4 అనే పద్ధతి ప్రకటించారు. ఒక్కొక్క నిలువు వరుసలో మొదటి, చివరి, కనిష్ఠ, గరిష్ఠ విలువలు నాలుగూ ఉంచుకుంటే చాలు. అంచులు నునుపు చేయని సాదా గీతకు సంబంధించినంతవరకు, ఆ తెర వెడల్పులో మొత్తం అంకెలతో గీసిన పటానికీ దీనికీ ఒక్క పిక్సెల్ కూడా తేడా ఉండదు. గిడ్డంగి లెక్కలో 7,680 బిందువులు మూడు కోట్ల పైచిలుకు బిందువుల పని చేస్తాయి. 3 సెకన్ల పతనం కనిష్ఠ విలువగా పటంలో నిలుస్తుంది. అయితే ఈ హామీ ఆ వెడల్పుకే పరిమితం. పటంలో ఒక భాగాన్ని పెద్దది చేసి చూడాలంటే మూల అంకెలనుంచి మళ్లీ ఎంచుకోవాలి.

పోయినదానికి లెక్క

కంప్యూటర్ తెరలకు ముందే ఈ ప్రశ్నను గణితపరంగా ఎదుర్కొన్నవారిలో ఒక తెలుగువాడున్నాడు. హడగళిలో 1920లో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన కల్యంపూడి రాధాకృష్ణ రావు 1946లో కేంబ్రిడ్జికి వెళ్లాడు. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన పురాతన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడం ఆయనకు అప్పగించిన పని. జెబెల్ అంటే అరబ్బీలో కొండ. జెబెల్ అలీలో ఉన్న మాట కూడా అదే.

ఒక్కొక్క ఎముకకు అనేక కొలతలు. జనసమూహాల మధ్య పోలికలు చూపాలంటే అన్ని దిశల్లో పటం గీయడం సాధ్యం కాదు. కాగితానికున్నవి రెండే దిశలు. 1948లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో రావు దీనికి మార్గం విశదం చేశాడు. సమూహాల మధ్య దూరాలను వీలైనంత ఎక్కువగా నిలబెట్టే కొత్త అక్షాలను కొలతల మిశ్రమాల నుంచి రాబట్టి, మొదటి రెండింటి మీద సమూహాలను బిందువులుగా గుర్తించవచ్చు. వదిలేసిన అక్షాల్లో మొత్తం దూరంలో ఎంత వంతు పోయిందో ఆ లెక్కలోనే తేలుతుంది. పటంతోపాటు పటం చెప్పనిదాని కొలత కూడా చేతికొస్తుంది. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకుని, అదే ఏడాది ఆగస్టులో మరణించిన రావు కృషిలో ఇదొక పాయ మాత్రమే.

బ్రెజెన్‌హామ్ సగం అడుగు, మాట్‌ప్లాట్‌లిబ్ పిక్సెల్‌లో తొమ్మిదో వంతు, ఎం4 నాలుగు విలువలు, రావు లెక్కగట్టిన దూరపు వంతు – వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. ఇవి వదులుకున్నవి తక్కువేమీ కాదు. కానీ ఎంత వదిలాయో, ఏ నియమం మీద వదిలాయో చెప్పగలవు. ఆ మాట చెప్పలేని సగటుకూ, క్రమం తప్పని ఏరివేతకూ తప్పు పటం గీసినా పట్టుబడని వెసులుబాటు ఉంది. అందుచేత పెద్ద పటం మొరాయించినప్పుడు హద్దు పెంచే మీట కోసం వెతకడానికి ముందు, తెరకున్న నిలువు వరుసలెన్నో, ఒక్కొక్కదానిలో ఎన్ని అంకెలు పడుతున్నాయో లెక్కించడం అవసరం. ఆపైన పటం కింద ఒక్క వాక్యం చేర్చాలి: “ఒక్కొక్క నిలువు వరుస 4 గంటల 33 నిమిషాల 45 సెకన్లకు, చూపినవి కనిష్ఠ, గరిష్ఠ విలువలు.” రాత్రి డ్యూటీ మనిషి చెప్పిన 3 సెకన్లు అందులో ఉన్నాయో లేవో అప్పుడు ఎవరైనా చూసి చెప్పవచ్చు.