ఔరేపల్లి లెక్కలు

పటాన్‌చెరులో వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972లో పుట్టింది. కొత్త విత్తనం, కొత్త ఎరువు, కొత్త సాగు పద్ధతి అన్నీ ప్రయోగశాల పొలంలో బాగానే పండేవి. పక్క జిల్లా రైతు మాత్రం వాటిని ముట్టుకునేవాడు కాదు. ఎందుకు ముట్టుకోడో తెలుసుకోవాలంటే పొలాన్ని చూస్తే చాలదు, ఇంటిని చూడాలి. అందుకని అక్కడి అర్థశాస్త్రవేత్తలు 1975లో ఆరు ఊళ్లు ఎంచుకున్నారు. మా పాలమూరులో ఔరేపల్లి, డోకూరు. షోలాపూర్ జిల్లాలో శిరాపూర్, కల్మన్. అకోలా జిల్లాలో కంజారా, కింఖేడా. ఊరికి నలభై ఇళ్లు: పది కూలీలవి, ముప్పై చిన్న, మధ్యతరహా, పెద్ద రైతులవి. అంతా కలిపి 240 ఇళ్లు.

ఇన్వెస్టిగేటర్లు డిగ్రీ చదివిన పల్లెటూరి కుర్రాళ్లు. ఆ ఊరి భాష వచ్చినవాళ్లు. ఊళ్లోనే కాపురం ఉండి, మూడు నాలుగు వారాలకోసారి ప్రతి ఇంటికీ పోయి అడిగేవారు. ఏ మడిలో ఏ పంట వేశారు, దున్నిన ఎడ్లు సొంతమా కిరాయా, కలుపుకు ఎంతమంది ఆడవాళ్లు వచ్చారు, కూలి డబ్బుగా ఇచ్చారా గింజలుగా ఇచ్చారా, అప్పు ఎవరి దగ్గర తెచ్చారు. ఏడాదికోసారి జీపులో దిగే సర్వేవాడికి రైతు చెప్పేది లెక్క కాదు, మర్యాదకు చెప్పే జవాబు. మృగశిరలో ఎన్ని తవ్వల విత్తనం పోశాడో సంక్రాంతి నాటికి ఎవరికి గుర్తుంటుంది? వారాల తేడాతో అడిగితేనే నిజానికి దగ్గరగా వస్తుంది. ఆ ఓపికే ఈ లెక్కలకు బలం.

హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త ఈ ఊళ్లలోనే రైతులతో బొమ్మా బొరుసా ఆడించాడు. పందెం అర్ధ రూపాయితో మొదలై యాభై దాకా పోయేది. గెలిచిన డబ్బు నిజంగానే చేతికిచ్చేవారు. యాభై అంటే ఆ రోజుల్లో కూలివాడికి వారాల సంపాదన. పందెం పెద్దదయ్యేకొద్దీ ఉన్నవాడూ లేనివాడూ దాదాపు ఒకేలా జాగ్రత్తపడ్డారని తేలింది. పేద రైతు కొత్త పద్ధతికి జంకుతున్నాడంటే అది స్వభావంలోని పిరికితనం కాదు, అప్పు పుట్టకపోవడం, ఆదుకునేవాడు లేకపోవడం అని వాదించడానికి అక్కడ ఆధారం దొరికింది.

తర్వాత ఆ అంకెలు సముద్రాలు దాటాయి. షికాగోలో ఉన్న రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో రాసిన పేరుపొందిన వ్యాసానికి ఔరేపల్లి, శిరాపూర్, కంజారా లెక్కలే పునాది. ఒక ఇంటికి నష్టం వస్తే ఊరు ఎంతవరకు కాచుకుంటుందన్నది ఆయన ప్రశ్న. మార్క్ రోజెన్‌జ్వైగ్, ఓడెడ్ స్టార్క్ 1989లో ఇదే గణాంకాలతో ఆడపిల్లలను దూరపు ఊళ్లకు ఇవ్వడం గురించి రాశారు. మనకు వాన పడని ఏడు వియ్యంకుడి ఊళ్లో పడవచ్చు, కాబట్టి పెళ్లి కూడా కరువుకు ఒక బీమా అని. ఏ ముసలమ్మను అడిగినా చెప్పదా అనవచ్చు. చెబుతుంది. కానీ పదేళ్లపాటు ఇంటింటి జమాఖర్చు ముందు పెట్టి రుజువు చేయడం వేరే పని.

నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఆ వ్యాసాలు కాదు, ఆ అంకెలు బతికి ఉండటం. అప్పటి కంప్యూటర్‌కు అంకెలు ఎక్కించే కార్డుకు 80 నిలువు వరుసలు. ఇంటి నంబరు, మడి నంబరు, పంట, పని, అన్నీ అంకెలుగా మారి వరసల్లో కూర్చోవాలి. ఫలానా వరసలోని 3 ఆముదమో, జొన్నో, అద్దె ఎద్దో ఎక్కడో రాసి ఉండకపోతే అది ఒట్టి 3. బిన్స్‌వాంగర్, ఎన్.ఎస్. జోధా కలిసి 1978లో ఇన్వెస్టిగేటర్ల కోసం సూచనల పుస్తకం తయారు చేశారు. 1985లో ఆర్.పి. సింగ్ కూడా కలిసి దాన్ని తిరగరాశారు. థామస్ వాకర్, జేమ్స్ ర్యాన్ 1990లో తెచ్చిన పెద్ద గ్రంథం కన్నా, ఎవరూ మెచ్చుకోని ఆ సూచనల పుస్తకమే విలువైనదని నేనంటాను.

ఎందుకంటే అది లేని చోటు చూశాను. నేను పాఠాలు చెప్పిన కాలేజీలో చెరువు కింది సాగు మీద ఒక సర్వే జరిగింది. మంచి సర్వే. నడిపించిన ఆచార్యుడు రిటైరయ్యాడు, ఫారాలు చిత్తు కాగితాల కింద పోయాయి, ఫ్లాపీలు మిగిలాయి. ఎవరో పుణ్యాత్ముడు వాటిని సీడీలోకి ఎక్కించాడు. ఫైలు తెరుచుకుంది, ఒక్క అంకె చెడలేదు. వరసల పైన మాత్రం క్యూ17ఏ, క్యూ17బి అని ఉంది. కింద అక్కడక్కడ 99. తొంభై తొమ్మిది బస్తాలా, జవాబు చెప్పలేదనా? చెప్పగలిగిన మనిషి లేడు.

ఇక్రిశాట్ వాళ్ల మొదటి దఫా 1985తో ఆగింది. 2001లో మళ్లీ అవే ఊళ్లకు వెళ్లారు. ఈలోపు ఇళ్లు చీలాయి, అన్నదమ్ములు పంచుకున్నారు, కొందరు హైదరాబాదు చేరారు. అయినా పాత ఇంటిని, దాంట్లోంచి విడిపోయిన ఇళ్లను పట్టుకోగలిగారంటే ఏ నంబరు ఎవరిదో ఆధారం నిలిచి ఉన్నందువల్లే. ఇక్కడో చిక్కుంది. మళ్లీ వెళ్లాలంటే పేర్లు దాచుకోవాలి, లోకానికి పంచాలంటే పేర్లు తీసేయాలి. పేర్లు తీసినా ఊరి పేరు ఉంది కదా, అందరికన్నా ఎక్కువ భూమి ఉన్న ఇల్లు ఏదో ఆ ఊరివాడు ఇట్టే చెబుతాడు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం. అప్పులు, నగలు, తిండి, అన్నీ చెప్పింది ఆ ఇళ్లవాళ్లు. పేరు వచ్చింది రాసినవాళ్లకు.

2009లో గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో ఈ పని బంగ్లాదేశ్‌తో కలిపి 42 ఊళ్లకు పెరిగింది, లెక్కలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికాయి.

మన విశ్వవిద్యాలయాల్లో వ్యవసాయం, సామాజికశాస్త్రం, గృహవిజ్ఞానం చదివి పరిశోధన పట్టా తీసుకున్న ప్రతి ఒక్కరి దగ్గరా ఒక చిన్న ఔరేపల్లి ఉంటుంది. ఆ ఫారాల కట్ట పాత పేపర్లవాడి తూకానికి పోకముందే రెండు పేజీలు రాసి పెట్టండి: ఎవరిని అడిగారు, ఏ సంవత్సరం, ఏ ప్రశ్న ఏ మాటల్లో, ఏ అంకెకు ఏ అర్థం, మీ ఊరి మానెడు ఎన్ని కిలోలు. ఫైలును ఏ సాఫ్ట్‌వేర్ అయినా చదవగల మామూలు అక్షరాల్లో ఇంకో ప్రతి తీసి, పేర్లు విడిగా దాచి, మీ లైబ్రరీకి ఇవ్వండి. లైబ్రేరియన్ ఇదేం పుస్తకం అని అడిగితే ఓపికగా చెప్పండి.