పోడు బూడిద: మన్యపు నేలల చరిత్ర

తూర్పు కనుమల్లోని కొండరెడ్లు, సవరలు తరతరాలుగా సాగించిన పోడు అంటే, కొండవాలులోని చెట్లను, పొదలను నరికి, ఎండిన తరువాత వేసవిలో కాల్చి, తొలకరికి ఆ బూడిద పరచుకున్న నేలలో చోడి, సామ, కంది విత్తే పద్ధతి. మంటలో నత్రజని చాలావరకు పొగగా పోయినా, కట్టెలోని పొటాష్, సున్నం, కొంత భాస్వరం బూడిదలో మిగిలి, కొండనేలల ఆమ్లగుణాన్ని తగ్గించి పైరుకు బలమిచ్చేవి. వానలకు ఆ లవణాలు కొట్టుకుపోయి కొన్నేళ్లకే సారం తగ్గేది కనుక, అడవి తిరిగి పెరిగేదాకా ఆ నేలను బీడుగా విడిచేవారు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవులలో ఈ సాగును కట్టడి చేయగా, ఆ ఆంక్షలపై రగిలిన ఆగ్రహం 1922-24 మన్యం తిరుగుబాటుకు ఒక ముఖ్యకారణమైంది. బూడిదనిచ్చిన అడవికి మళ్లీ ఎదిగే గడువునిచ్చిన ఆ గిరిజన విజ్ఞానం వ్యవసాయ చరిత్రలో గౌరవస్థానానికి అర్హమైనది.