గుంట నుండి మీటరు వరకు

శంషాబాదులో రైతు తన భూమిని ఎకరాలలోను, గుంటలలోను చెప్పుకొంటాడు. అదే భూమి ఇళ్లస్థలాలుగా మారినప్పుడు చదరపు గజాలలో అమ్ముడుపోతుంది. 2008 మార్చిలో అక్కడ ప్రారంభమైన విమానాశ్రయంలో ప్రధానమైన రన్‌వే పొడవును 4,260 మీటర్లుగా పేర్కొంటారు. ఆ రన్‌వే మీదినుండి లేచిన విమానం ఎంత ఎత్తున ఉన్నదో పైలట్ అడుగులలో చూచుకొంటాడు. ఒకే చోట ఇన్ని కొలతలు ఎట్లా వచ్చి చేరినవి? ఒకదానిని మరొకదానిలోనికి మార్చేటప్పుడు మనం పాటించవలసిన న్యాయమేమిటి? ఈ ప్రసంగంలో ఈ రెండు ప్రశ్నలను పరిశీలింప దలచినాము.

ముందుగా గుంట సంగతి. మొదటి సాలార్‌జంగు దివానుగా ఉన్న కాలంలో ఆరంభమైన రెవెన్యూ సంస్కరణలలో భాగంగా, హైదరాబాదు రాజ్యంలో భూముల సర్వే బొంబాయి పద్ధతిని అనుసరించి సాగినది. ఆ పద్ధతిలో కొలత గొలుసు పొడవు 33 అడుగులు. నాలుగు వైపుల అంత పొడవు గల చతురస్రమే ఒక గుంట. అనగా 121 చదరపు గజాలు. అటువంటి 40 గుంటలు ఒక ఎకరం. కోస్తా జిల్లాలలోనో, ఎకరానికి 100 సెంట్లు. కనుక మామగారిది తెలంగాణ, అల్లుడిది కోస్తా అయినచోట, పొలం మాట రాగానే ముందుగా ఒక లెక్క నడవాలి: గుంట అంటే రెండున్నర సెంట్లు.

మీటరు పుట్టుక వేరు. 1789లో ఫ్రాన్సు ప్రజలు తమ రాజుకు సమర్పించుకొన్న విన్నపాలలో కొలతలను గూర్చిన మొరలు అనేకం ఉన్నవి. ప్రభువు ధాన్యం కొలుచుకొనే పాత్ర ఒకటి, అంగడిలో పాత్ర మరొకటి, ఊరూరికి తేడా. ఎవరి ఇష్టానికీ లోబడని కొలత కావాలని పండితులు భూమినే ఆశ్రయించినారు. ఉత్తర ధ్రువం నుండి భూమధ్యరేఖ వరకు గల దూరంలో కోటవ వంతును మీటరుగా 1791లో నిర్ణయించినారు. పదులతో హెచ్చించడం, పదులతో భాగించడం తప్ప ఆ పద్ధతిలో వేరు లెక్క లేదు. 4,260 మీటర్లను కిలోమీటర్లుగా మార్చవలెనంటే దశాంశ బిందువును మూడు స్థానాలు జరిపితే చాలు: 4.26. అదే పొడవును అడుగులలో చెప్పవలెనంటే 0.3048తో భాగించాలి; సుమారు 13,976 వస్తుంది.

మన దేశంలో ఈ పద్ధతికి 1956లో చట్టం వచ్చినది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు చెలామణిలోనికి వచ్చినవి. హైదరాబాదు వారికి మార్పిడి కొత్త విద్య కాదు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలని వారు నోటితోనే లెక్క కట్టేవారు. కాని అణా లెక్క అంత సులువుగా తెగలేదు. అణాకు ఆరుంపావు నయాపైసలు. పావు పైస నాణెం లేదు. అందుచేత అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 అని పట్టిక వేసినారు. మూడణాల వస్తువు కొన్నవాడు పావు పైస ఎక్కువ ఇచ్చినాడు. అణా వస్తువును నాలుగుసార్లు కొన్నవాడు పైస తక్కువ ఇచ్చినాడు. తూకాలలోనూ ఇంతే. 80 తులాల సేరు 933 గ్రాములు. కిలో అంతకంటె 67 గ్రాములు ఎక్కువ. సేరు రూపాయి పలికిన సరుకు కిలో రూపాయి ఏడు పైసలు కావాలి. వర్తకుడు రూపాయి పది అన్నచో ఆ మూడు పైసలు అతని పెట్టెలో చేరినట్లే. ప్రతి మార్పిడిలోను కొంత శేషం మిగులుతుంది. అది ఎవరికి చేరుతున్నదో చూచుకోవడమే న్యాయం.

ఇప్పుడు శంషాబాదు నేలకు వద్దాము. గుంట అంటే 101.17 చదరపు మీటర్లు. జ్ఞాపకానికి సులువని 100 అనుకొంటే, తేడా ఒక మంచం పరచుకొనేటంత చోటైనా కాదు. కాని ఎకరానికి అది 46.86 చదరపు మీటర్లు అవుతుంది; అంటే 56 చదరపు గజాలు. గజాల లెక్కన భూమి అమ్ముడుపోయే చోట ఆ 56 గజాల విలువ ఎంతో వేరుగా చెప్పనక్కరలేదు. విమానాశ్రయం ఆక్రమించిన స్థలం సుమారు 5,500 ఎకరాలు. అంతటికీ ఇదే ఉజ్జాయింపు వాడితే 60 ఎకరాలకు పైగా కాగితం మీద మాయమైపోతుంది. లెక్క మధ్యలో అంకెలను కుదించరాదనీ, కుదించవలసివస్తే చిట్టచివర ఒకేసారి కుదించాలనీ విజ్ఞానశాస్త్రం చెప్పే నియమానికి అర్థమిదే.

రెండవ నియమం ఇంకా ముఖ్యమైనది: అంకెను దాని కొలత పేరునుండి విడదీయరాదు. మన దేశంలో విమాన ఇంధనం ధరను కిలోలీటర్లలో కడతారు. విమానానికి కావలసినది మాత్రం కిలోగ్రాములలో లెక్కిస్తారు. లీటరు ఇంధనం బరువు సుమారు 0.8 కిలోగ్రాము, అదే పౌన్లలో సుమారు 1.77. 1983 జూలై 23న కెనడాలో ఒక బోయింగు విమానంలో ఇంధనాన్ని చూపే మీటర్లు పనిచేయనందున చేతితో లెక్క వేసినారు. కెనడా అప్పుడే మెట్రిక్ పద్ధతికి మారుతున్నది. ఆ విమానం కిలోల లెక్కది. కాని లెక్కలో పాత అలవాటు చొప్పున 1.77 పడినది. 22,300 కిలోలు ఉండవలసినచోట 22,300 పౌన్లు, అంటే సుమారు 10,100 కిలోలే ఉన్నవి. 41,000 అడుగుల ఎత్తున ప్రయాణిస్తుండగా ఇంధనం నిండుకొన్నది. పైలట్లు నేర్పుతో ఆ విమానాన్ని గిమ్లీ అనే చోట పాత వైమానిక స్థావరంలో దింపినారు. 69 మందీ బ్రతికినారు. గుణకారం తప్పలేదు; కొలత పేరు తప్పినది. 1.77 అన్న అంకె ప్రక్కన పౌను అన్న మాట వ్రాసి ఉన్నచో ఇంత జరిగేది కాదు.

శంషాబాదు అన్న పేరు పైగా వంశీయులైన షంసుల్ ఉమ్రాల మీదుగా వచ్చినదని చెబుతారు. 19వ శతాబ్దిలో ఆ వంశపు ఫఖ్రుద్దీన్ ఖాన్ ఐరోపా శాస్త్రగ్రంథాలను ఉర్దూలోనికి అనువదింపజేసి, తన ముద్రణాలయంలో అచ్చు వేయించినాడు. కొలతల మార్పిడి కూడా అటువంటి అనువాదమే. అంకె మారవచ్చును, వస్తువు పెరగరాదు, తరగరాదు. మన ఇళ్లలో పొలం కాగితం చూచినా, మందుసీసా మీది మిల్లీలీటర్లు చదివినా, ముందు కొలత పేరు చూచి, తరువాత అంకె చూడడం అలవాటు చేసుకొందాము. పిల్లలు లెక్క అప్పజెప్పేటప్పుడు సమాధానం చివర మీటర్లో, గజాలో అడిగి చెప్పించుకొంటే ఆ అలవాటు వారికీ అబ్బుతుంది.