దేహోష్ణమునకు లెక్కగట్టిన చరిత్ర



బ్రదికియున్న మనుజుని దేహము వెచ్చగా నుండునని పసిబాలురును ఎఱుగుదురు. కాని ఆ వేడి యెంత పుట్టుచున్నది, ఏ త్రోవను వెలికి బోవుచున్నది యను ప్రశ్నకు లెక్కతో బదులు చెప్పుటకు శాస్త్రజ్ఞులకు సుమారు 150 సంవత్సరములు పట్టినది.

1783లో ఫ్రాన్సుదేశపు పండితులగు లవాజియే, లాప్లాసులు తమ ప్రయోగమును ప్రకటించిరి. చుట్టును మంచుగడ్డలు నింపిన పాత్రలో గినీపంది యను చిన్నజంతువు నుంచి, దాని దేహోష్ణముచే కరగిన మంచును వారు తూచిరి. ప్రాణి విడుచు వేడి తూకమున కందునని అప్పుడు తేలినది.

1814లో లండనునందలి వెల్సు అను వైద్యుడు రాత్రివేళ కురియు మంచును గుఱించి గ్రంథము ప్రకటించెను. నిర్మలాకాశము క్రింద గడ్డిపరకలు తమ వేడిని కిరణరూపమున మింటికి విడిచి, చుట్టునున్న గాలికంటెను చల్లబడుననియు, అందుచేతనే వానిపై మంచుబిందువులు నిలుచుననియు నిరూపించెను. చలికాలమున ఆరుబయట పరుండినవానికంటె పందిరి క్రింద పరుండినవానికి చలి తక్కువగుటకు ఇది యొక ముఖ్యకారణము.

ఈ కిరణములకు సూత్రమును కనుగొన్నవాడు వియన్నానగరపు ఆచార్యుడు స్టెఫాన్. ప్లాటినముతీగ 525 డిగ్రీల సెంటిగ్రేడు నుండి 1200 డిగ్రీలకు కాగినపుడు, అది విడుచు కిరణోష్ణము 11 రెట్లకు మించి పెరుగునని టిండాలు ప్రయోగముల వలన తెలియవచ్చెను. స్టెఫాన్ 1879లో డిగ్రీలకు 273 కలిపి, వచ్చిన సంఖ్యను నాలుగుచోట్ల నుంచి హెచ్చవేసిన యెడల ఈ వృద్ధి సరిపోవునని చూపెను. ఆయన శిష్యుడు బోల్ట్‌జ్మన్ 1884లో దానికి సిద్ధాంతరీత్యా ఉపపత్తి చూపెను.

ఇక మనుష్యుని లెక్క చూతము. చర్మము 33 డిగ్రీలు, గది గోడలు 20 డిగ్రీలు ఉన్నవనుకొందము. వస్త్రము లేని యెడల చదరపుమీటరునకు సుమారు 79 వాట్ల వేడి పోవును. దేహవైశాల్యము సుమారు 1.7 చదరపుమీటర్లు. అవయవములు ఒకదానికొకటి ఎదురుగా నుండుటచే అందు ముప్పాతిక భాగమే లెక్కకు వచ్చును. మొత్తము నష్టము 100 వాట్లు. ఊరక కూర్చున్న మనుష్యునియందు పుట్టు వేడియు దాదాపు అంతియే. గాలి తాకిడిచే పోవునది దీనికి అదనము. కావుననే చలికి కంబళి కావలసివచ్చినది. చర్మము నల్లనిదైనను తెల్లనిదైనను ఈ కిరణనష్టము ఒక్కటేయని 1934లో అమెరికాదేశమున హార్డీ పరీక్షించి తేల్చెను.

ఎండకాలమున లెక్క తారుమారగును. గోడలు 40 డిగ్రీలకు కాగినపుడు చర్మము 35 డిగ్రీలకు చేరినను, సుమారు 43 వాట్ల వేడి దేహములోనికే వచ్చును. అప్పుడు మనకు మిగిలిన శరణ్యము చెమట యొక్కటే. ఒక గ్రాము చెమట ఆరునపుడు సుమారు 580 కేలరీల వేడిని కొనిపోవును. నీరు లేనిదే చెమట లేదు. 2015 మేనెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వందలకొలది జనులు వడగాడ్పునకు బలియైరి.

వృద్ధులకు దప్పిక తక్కువగా తోచును, చెమటయు తక్కువగా పట్టును. కావున దప్పిక కొఱకు వేచియుండక నీరు త్రావుడు. కాగిన రేకుల కప్పు క్రింద పగటివేళ పరుండకుడు. పొలమునకు బోవు కూలివారికి నీటికుండయు, చెట్టునీడయు సమకూర్పుడు.