అడవి పిల్లవాడు అనే ఒక మూఢనమ్మకం

టార్జాన్ పేరు వినని వాళ్ళు మనలో తక్కువ. కోతులు పెంచిన తెల్లవాడి బిడ్డ, మృగాల భాష తెలిసినవాడు. ఈ కథ రాసిన ఎడ్గార్ రైస్ బరోస్ అనే అమెరికన్ ఏనాడూ ఆఫ్రికా వెళ్ళలేదు. 1912లో పత్రికలో అచ్చయినప్పుడు ఆఫ్రికా అడవిలో పులిని కూడా పెట్టేశాడు. అక్కడ పులులుండవని పాఠకులు పట్టుకున్నాక, 1914లో పుస్తకంగా వేసేటప్పుడు దాన్ని ఆడసింహంగా మార్చాడు. మౌగ్లీ సంగతీ అంతే. కిప్లింగ్ 'జంగిల్ బుక్' రాసింది మధ్య భారతపు అడవిలో కూర్చుని కాదు, అమెరికాలోని వెర్మాంట్‌లో. దాన్ని 1967లో డిస్నీ కార్టూన్ సినిమాగా తీసి ఇంటింటికీ చేర్చింది.

ఇవి కల్పిత కథలు, సరే. ఆ మూసలో నిజం మనిషిని పోస్తే ఏమవుతుంది? బస్తర్‌లో అదే జరిగింది.

ఇప్పటి నారాయణపూర్ జిల్లాలోని గఢ్‌బెంగాల్ గ్రామంలో చెంద్రు అనే మురియా కుర్రాడుండేవాడు. అంతకుముందే ఆస్కార్ అందుకున్న స్వీడన్ దర్శకుడు ఆర్నె సుక్స్‌డార్ఫ్ అక్కడికొచ్చి, ఆ కుర్రాణ్ణి పులితో కలిపి సినిమా తీశాడు. అది 1957లో విడుదలైంది. 1958లో కాన్ చిత్రోత్సవానికి వెళ్ళింది. ఇంగ్లీషులో దాని పేరు 'ది ఫ్లూట్ అండ్ ది యారో'. సంగీతం రవిశంకర్‌ది. చెంద్రు స్వీడన్ కూడా వెళ్ళొచ్చాడు. పత్రికలకు "టైగర్ బాయ్" అయిపోయాడు, "బస్తర్ మౌగ్లీ" అన్నవాళ్ళూ ఉన్నారు.

ఇందులో మహత్తు ఏముంది? పసితనం నుంచి మనిషి చేతిలో పెరిగిన పులిపిల్ల మనిషికి అలవాటు పడుతుంది. సర్కస్ వాళ్ళకి తెలిసిన విషయమే ఇది. అడవిలో పుట్టినవాడికి మృగాలతో ఏదో చుట్టరికం ఉంటుందనేది మాత్రం ఉత్త నమ్మకం. నిజంగా అంత స్నేహమే ఉంటే గోండులు పులిదేవుడికి మొక్కులెందుకు మొక్కుతారు? పశువును, ఒక్కోసారి మనిషిని పోగొట్టుకున్న వాళ్ళ భయం అది.

తర్వాత ఏం జరిగిందో చూడండి. రవిశంకర్ 1967లో మాంటెరీ పాప్ ఉత్సవంలో సితార్ వాయించి అమెరికా యువతను ఉర్రూతలూగించాడు. అందులో తప్పేమీ లేదు, అది ఆయన విద్య. కానీ చెంద్రుకు ఏ విద్యా చేతికి రాలేదు. ఊరికి తిరిగొచ్చి పేదరికంలోనే బతికాడు. పక్షవాతం వచ్చి, 2013 సెప్టెంబరులో జగదల్‌పూర్‌లో చనిపోయాడు. చివరి రోజుల్లో మళ్ళీ విలేఖరులు వచ్చారు, మళ్ళీ ఆ పులి కథే రాశారు.

ఆదివాసీని "అనాగరికుడు" అని తిట్టేవాడికీ, "ప్రకృతి బిడ్డ" అని పొగిడేవాడికీ తేడా ఉందనుకుంటాం. పులితో ఆడుకునేవాడికి బడి ఎందుకు, మందులెందుకు అనే ఆలోచన మాత్రం ఇద్దరిలోనూ ఉంటుంది. దయ్యాలనూ బాణామతినీ ప్రశ్నించే మనం ఈ నమ్మకాన్ని కూడా ప్రశ్నించాలి. ఇది మన ఊళ్ళో పుట్టలేదు, సినిమా టిక్కెట్టు కొని మరీ తెచ్చుకున్నాం.