తాలీంఖానా మర్యాద

మన సంఘ సభ్యులు కొందరు ఉదయం నడకతో పాటు జిమ్ములకు కూడా వెళ్తున్నారు. సంతోషించదగ్గ విషయమే. అయితే అక్కడ ఒకరి కసరత్తును మరొకరు దిద్దే అలవాటు పెరుగుతున్నదని గమనించాను. ఈ సందర్భంగా మన తెలుగునాట కసరత్తు నేర్పిన తీరును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

పూర్వం గరిడి అన్నా, తాలీంఖానా అన్నా చెప్పులు బయట విడిచి, ఆంజనేయస్వామి పటానికి దండం పెట్టి లోపల అడుగుపెట్టేవారు. గద తిప్పినా, ఇనప గుండు ఎత్తినా పని కాగానే తీసినచోటే పెట్టాలి. అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు మరొకటి. తప్పు దిద్దవలసింది వస్తాదు ఒక్కడే. తోటివాడు ఎంత బలశాలి అయినా కల్పించుకోకూడదు. ఎవరి వయసెంత, ఎవరికి పాత దెబ్బ ఎక్కడున్నది అన్నది వస్తాదుకే తెలుసు. బరువు చేతిలో ఉన్నవాడికి ఇద్దరు రెండు రకాలుగా చెబితే దెబ్బ తగిలేది వాడికే కదా!

కోడి రామమూర్తి నాయుడు గారిని తలచుకోండి. 1882లో వీరఘట్టంలో పుట్టి, ఛాతీపై ఏనుగును నిలిపిన మహాబలుడు. అంతటివాడు కూడా మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొందిన తర్వాతే విజయనగరంలో బడిపిల్లలకు నేర్పారు. బలం ఉండటం వేరు, నేర్పగలగటం వేరు అని ఆయనకు తెలుసు.

తర్వాత నేర్పడమే ఒక చదువైంది. 1920లో హెచ్.సి. బక్ గారు మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల స్థాపించారు. 1961లో పాటియాలాలో జాతీయ క్రీడా సంస్థ ఏర్పడి, కోచ్‌లను తయారుచేయసాగింది.

ఈ చదువు ఎందుకంటారా? పద్ధతులు మారిపోతుంటాయి గనుక. బరువును భుజాల నుంచి, కాళ్ల సాయం లేకుండా తలపైకి నెట్టే ‘ప్రెస్’ 1972 వరకు ఒలింపిక్సులో ఉండేది. పోటీదారులు నడుము వెనక్కి విపరీతంగా వంచసాగారు. తప్పొప్పులు తేల్చడం న్యాయనిర్ణేతలకు కష్టమైంది. మ్యూనిక్ పోటీల తర్వాత దాన్ని తొలగించారు. ఆ రోజుల్లో చూసి నేర్చుకున్నదాన్ని ఈనాడు పక్కవాడికి చెబితే, వాడి నడుముకు ముప్పు తెచ్చినవాళ్లమవుతాం.

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో కరణం మల్లీశ్వరికి ఓనమాలు దిద్దించినది గురువు నీలంశెట్టి అప్పన్న గారు. 2000లో సిడ్నీలో ఆమె 110, 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం సాధించారు. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమే.

మన వయసులో ఈ సంగతి మరీ ముఖ్యం. మనలో రక్తపోటు ఉన్నవారు, మోకాళ్లు అరిగినవారు ఎందరో! ‘ఊపిరి బిగబట్టి ఎత్తండి’ అని ఓ మిత్రుడు సద్బుద్ధితోనే చెప్పవచ్చు. కాని బిగబట్టి బరువెత్తితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ మాట ప్రాణం మీదికి తేవచ్చు.

కనుక సభ్యులకు నా విన్నపం. కండలు చూసి కాక, ఎక్కడ శిక్షణ పొందారో అడిగి కోచ్‌ను ఎంచుకోండి. మీ జబ్బులు, మందులు ముందే ఆయనకు చెప్పండి. తోటివారు పొరపాటు చేస్తున్నట్టు తోస్తే కోచ్‌ను పిలవండి. బరువు మీద పడబోతుంటే మాత్రం ఆలోచించకుండా చెయ్యి వేయండి. దానికి ఏ వస్తాదూ అడ్డు చెప్పడు.